గాజుతొట్టిలోని సముద్రము

ఇంటికి తెచ్చుకొన్న ప్రాణికి ఇంటివాడే దిక్కు. ఆవును కట్టుకొన్నవాడు దాని గడ్డికి, నీటికి బాధ్యుడు. చిలుకను పంజరమున నుంచినవాడు దానిని పిల్లి బారినుండి కాపాడుటకు బాధ్యుడు. ఇది మన పెద్దలకు ఎవరును బోధింప నక్కరలేకుండిన ధర్మము. అయితే కాలముతోపాటు ఇంటికి వచ్చు ప్రాణులును మారుచున్నవి. చేనేత మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుండి నేసినవారి మనుమలు నేడు భివండీలోని పద్మానగర్ ఇండ్లలో ఉప్పునీటి గాజుతొట్లు అమర్చి, అందు పగడపుదిబ్బల చేపలను పెంచుచున్నారు. ఆ చేపల యొడలిపై బ్రతుకు పరాన్నజీవులను రాకుండ చేయుట యెట్లు, వచ్చినచో తొలగించుట యెట్లు అనునది పైకి చిన్న విషయముగ తోచును. విచారించినకొలది అందు పెద్ద ధర్మసందేహములు కనబడుచున్నవి. రోగమునకు కారకుడెవడు? క్రొత్తగ వచ్చినవానిని వేరుగ నుంచుట న్యాయమా? ఒక ప్రాణిని బ్రతికించుటకై మరియొక ప్రాణిని చంపవచ్చునా? వలస వచ్చి ఇచట స్థిరపడిన మనకు ఈ ప్రశ్నలు చేపలతో ముగియునవి కావు.

సముద్రపు చేపను గాజు వెనుక చూచు వేడుక ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1951లో బొంబాయి మెరైన్ డ్రైవ్ మీద తారాపోరేవాలా మత్స్యప్రదర్శనశాల ఏర్పడెను. మగ్గములకు సెలవు దొరకిన దినమున పిల్లలను వెంటబెట్టుకొని, ఠాణెలోనో కళ్యాణ్‌లోనో రైలెక్కి పోయి దానిని చూచివచ్చిన మన కుటుంబములు ఎన్నియో కలవు. ఆ ప్రదర్శనశాలకు ప్రక్కనే అరేబియా సముద్రముండెను. మన యింటి తొట్టికి అట్టి యాసరా లేదు. పొట్లములో అమ్ము సముద్రపు ఉప్పును శుద్ధజలమున కలిపి, హైడ్రోమీటరుతో సాంద్రత 1.025 వచ్చునట్లు చూచుకొని, రెండువందల లీటర్ల సముద్రమును మనమే తయారుచేయవలసి యుండును. అందువలన ఆ సముద్రమునకు కర్తలము మనమే. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన. తక్కిన విచారణ యంతయు దీనిపైననే ఆధారపడి యున్నది.

మా తమ్ముని కుమారుడు కొన్నేండ్ల క్రిందట అట్టి తొట్టి నొకదానిని పెట్టెను. అందు రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, నాలుగైదు నత్తలు ఒక సంవత్సరము పైగ సుఖముగ నుండెను. ఒకనాడు అతడు బొంబాయినుండి నీలివన్నె టాంగ్ చేప నొకదానిని తెచ్చి ఆ సాయంకాలమే తొట్టిలో విడిచెను. ఐదవనాటికి దాని రెక్కలపై ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు లేచెను. అది రాళ్లకు ఒడలు రాచుకొనసాగెను. రెండు దినములలో చుక్కలు మాయమైనవి. రోగము కుదిరినదని ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. రెండు వారములు తిరుగకముందే ఆ చుక్కలు ఎన్నో రెట్లై మరలివచ్చి, క్లౌన్ చేపలకును వ్యాపించెను. కుర్రవాడు కంగారుపడి, రాగితో చేసిన మందును కొలత చూడక తొట్టిలోనే పోసెను. మరునాటికి రొయ్యయు నత్తలును చచ్చెను. నాలుగవనాటికి టాంగ్ చేపయు, ఒక క్లౌన్ చేపయు పోయెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లయ్యెను మా పని. చచ్చిన చేపను తీయుచు అతడు, “పెద్దబాపూ, గీ కొత్త చేపనే రోగం తెచ్చింది” అనెను. ఆ మాట మమ్ము చాలదినములు వదలలేదు.

తెల్లచుక్కల రోగమునకు మూలమైనది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అను ఏకకణజీవి. 1937లో జపానులో సికామా అను శాస్త్రజ్ఞుడు దీనిని గూర్చి వ్రాసెను. 1951లో, అనగా మన బొంబాయి ప్రదర్శనశాల ఏర్పడిన సంవత్సరముననే, బ్రౌన్ అను పరిశోధకులు దీనికి ఈ పేరు పెట్టిరి. దీని జీవితము విచిత్రమైనది. అది చేప చర్మము క్రిందను, మొప్పలలోను దూరి మూడునుండి ఏడు దినములు తిని పెరుగును. మనకు కనబడు తెల్లచుక్క యిదియే. పిమ్మట అది చేపను విడిచి అడుగునకు జారి, ఇసుకకో రాతికో అంటుకొని తనచుట్టు గట్టి కోశము కట్టుకొనును. మనము రోగము కుదిరినదని సంతోషించు దినములివియే. ఆ కోశములోపల అది అనేకములుగ విభజింపబడి, సాధారణముగ మూడు దినములు మొదలు నాలుగు వారములలోపల, ఒక్కొక్కప్పుడు అంతకంటె చాల ఆలస్యముగ, పదులు వందలుగ పిల్లలు వెలువడును. ఈదులాడు ఆ పిల్లజీవికి ఒకటి రెండు దినములలో చేప దొరకవలెను. దొరకనిచో అది చచ్చును.

ఇపుడు సముద్రమును తలచుకొనుడు. అంత యగాధజలమున ఒకటి రెండు దినముల ఆయువుగల సూక్ష్మజీవికి చేప దొరకుట యెంత దుర్లభము! దొరకినను ఒకటో రెండో దొరకును. చేప దానిని భరించును, మరియొక చోటికి ఈదిపోవును. సముద్రమున ఆ చేపయు ఆ జీవియు యుగయుగములుగ కలసి బ్రతుకుచున్నవి. ఆశ్రయమిచ్చినవానిని చంపు పరాన్నజీవికి మరి యిల్లు లేదు. రెండువందల లీటర్ల తొట్టిలో లెక్క తారుమారగును. వెలువడిన ప్రతి పిల్లకును అరచేతి దూరమున చేప యుండును. పారిపోవుటకు చేపకు చోటు లేదు. సముద్రమున ఒక దురదయైనది తొట్టిలో మృత్యువగుచున్నది. పురుగు మారలేదు, చేప మారలేదు. మారినది చోటు మాత్రమే. ఆ చోటును ఇరుకు చేసినవారము మనము. కావున మొదటి ప్రశ్నకు సమాధానమిది: రోగబీజము పురుగుదైనను, రోగమునకు కారకుడు తొట్టి యజమానుడు.

ఈ న్యాయము మన తొట్టికే పరిమితము కాదు. నెల్లూరు, భీమవరము ప్రాంతముల రొయ్యలరైతులు దీనిని నష్టపడి నేర్చుకొనిరి. 2009 నుండి మనదేశమున వన్నామీ రొయ్య పెంపకము సాగుచున్నది. విదేశమునుండి తెచ్చు తల్లిరొయ్యలను మద్రాసు చెంత నీలాంకరైలో ప్రభుత్వపు క్వారంటైను కేంద్రమున వేరుగ నుంచి, పరీక్షించి, పిమ్మటనే హేచరీలకు ఇత్తురు. అయినను చెరువులలో ఇ.హెచ్.పి. అను సూక్ష్మపరాన్నజీవి ప్రవేశించెను. అది రొయ్య జీర్ణగ్రంథిలో చేరి, తిన్న తిండి ఒంట పట్టనీయదు. రొయ్య చావదు, పెరుగదు. రైతు మేతఖర్చుతో మునిగిపోవును. దానిని నయముచేయు మందు లేదు. చెరువు నెండబెట్టుట, సున్నము చల్లుట, పరీక్షించిన పిల్లనే వేయుట, కిక్కిరియ వేయకుండుట, ఇవియే మార్గములు. మందు లేనిచోట ముందుజాగ్రత్తయే ధర్మమని దీనివలన తెలియుచున్నది.

ఇక మా కుర్రవాని మాట. క్రొత్తచేపయే రోగము తెచ్చినదా? తెచ్చి యుండవచ్చును. వలనుండి సంచికి, సంచినుండి దుకాణపు తొట్టికి, అచటినుండి మరల సంచికి మారిన చేప ఎచటనైన దానిని అంటించుకొని యుండవచ్చును. కాని మరియొక అవకాశమును కలదు. ఈ రోగము తగిలి బ్రతికి బయటపడిన చేపలకు కొన్ని నెలల వరకు కొంత రక్షణశక్తి యేర్పడునని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అట్టి చేపలు చుక్కలు కనబడకయే, మొప్పలలో కొద్దిపాటి పురుగులతో కాలము గడపగలవు. అప్పుడు క్రొత్తగ వచ్చిన చేప, ప్రయాణపు బడలికతో, భయముతో, ఆకలితో ఉన్నది, పాత కాపురస్థుల రోగమును తొలుత తాను పట్టుకొని తొలుత తాను చుక్కలు చూపును. రోగము మొదట కనబడినవానిదే రోగమని లోకము తీర్పు చెప్పును. తీర్పు సులభము. నిజము మొప్పల చాటున దాగియుండును.

ఈ తీర్పును మనము వినియుంటిమి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మన పూర్వులు ఈ యూరికి మగ్గములు వెదకికొనుచు వచ్చిరి. పరుల అన్నముతో బ్రతుకవచ్చినవారను మాట ఏ యూరనైనను వలసవానికి వినబడునట్టిదే. పరాన్నజీవి అను పదమునకు అక్షరార్థమును అదియే. 2020లో మహమ్మారి వచ్చి మరమగ్గములాగినప్పుడు మనవారనేకులు స్వగ్రామములకు తరలిపోయిరి. అక్కడ, పుట్టిన యూరిలోనే, బొంబాయివైపునుండి వచ్చినవారని కొందరిని బడులలోను, పొలములలోని కొట్టములలోను వేరుగ నుంచిరి. ఒకచోట అన్నమునకు వచ్చినవారము, మరియొకచోట రోగము తెచ్చినవారము. అట్లయినచో వేరుగ నుంచుటయే అధర్మమా? కాదు. ఆ దినములలో వేరుగ నుంచకున్నచో పల్లెలలోని వృద్ధులకు ముప్పు కలిగియుండును. తొట్టిలో వేరుగ నుంచకపోవుటచేతనే మా చేపలు చచ్చెను. కాగా వేరుగ నుంచవలెనా అనునది ప్రశ్న కాదు. ఎట్లుంచవలెను అనునదియే ప్రశ్న.

క్వారంటైను అను మాట ఇటలీ దేశపు నలువది అను సంఖ్యనుండి పుట్టినది. 1377లో, నేడు దుబ్రోవ్నిక్ అని పిలువబడు రగూసా నగరమువారు, ప్లేగు గల చోటులనుండి వచ్చువారిని ముప్పది దినములు వెలుపల నుంచవలెనని నిర్ణయించిరి. తరువాతి కాలమున అది నలువది యయ్యెను. 1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపినప్పుడు మన దేశమును ఈ వేరుపాటును చవిచూచెను. ఇండ్లలో చొరబడి రోగులను బలవంతముగ తరలించుట వలన, ప్రజలు రోగమునకంటె శిబిరమునకే ఎక్కువ భయపడిరి. ఆ కాలముననే ఈ మహారాష్ట్రముననే మరియొక దృష్టాంతము కలదు. సావిత్రీబాయి ఫూలే తన కుమారుడు యశ్వంతు పూనా వెలుపల నడపిన వైద్యశిబిరమున రోగులకు సేవచేయుచు, ఆ రోగమే సోకి, 1897 మార్చి 10వ తేదీన పరమపదించెను. ఆమెయు రోగిని ఊరినుండి వేరుచేసెను. కాని వేరుచేసి తాను దూరముగ నిలువలేదు. రోగితోకూడ తానును వెలుపలికి పోయెను. రెండు వేరుపాట్లకును గల భేదమంతయు ఇందే యున్నది.

దీనిని బట్టి వేరుగ నుంచుటకు మూడు నియమములు చెప్పవచ్చును. మొదటిది, గడువు ముందే నిర్ణయింపబడి యుండవలెను. గడువు లేని వేరుపాటు వెలి యగును. రెండవది, వేరుగనున్నవానికి లోపలివానికంటె ఎక్కువ సేవ జరుగవలెను. మూడవది, వానిని దోషిగ నెంచరాదు. వానినుండి మనలను కాపాడుకొనుటయే కాక, మననుండి వానిని కాపాడుటయు అందు ఉద్దేశముగ నుండవలెను.

ఈ మూడును తొట్టికిని అక్షరాల వర్తించును. క్రొత్తచేపను నాలుగునుండి ఆరు వారములు వేరుతొట్టిలో నుంచవలెను. ఆ తొట్టిలో ఇసుక వలదు. దాగికొనుటకు రెండు ప్లాస్టికు గొట్టపు ముక్కలు చాలును. కాని దాని వడపోత స్పంజి ముందే మంచి సూక్ష్మజీవులతో సిద్ధమై యుండవలెను. లేనిచో అమ్మోనియా పెరిగి, రోగము లేని చేపయు చచ్చును. క్రొత్తచేప తొలుత తిండి ముట్టదు. పాతచేపల పోరు లేనిచోట నెమ్మదిగ తినుట నేర్చుకొనును. ఇది దానికి చెర కాదు, విడిది. వల, గొట్టము, బాల్దీ ఈ తొట్టివి ఆ తొట్టిలో ముంచరాదు, తడిచేయియైనను పెట్టరాదు. రాళ్లను, నత్తలను తెచ్చినప్పుడు వానికంటిన కోశములును రావచ్చును. కావున వానిని చేపలు లేని నీటిలో సుమారు రెండున్నర నెలలుంచుట క్షేమము. రోగము తగిలిన పెద్దతొట్టికిని ఇదే చికిత్స. చేపలన్నిటిని వేరుతొట్టికి మార్చి, పెద్దతొట్టిని అంతకాలము చేపలు లేకుండ విడిచినచో, వెలువడిన పిల్లజీవులకు ఆశ్రయము దొరకక వంశము నశించును. ఒక్క మందుచుక్కయు అక్కరలేదు. కావలసినది ఓర్పు.

రోగము వచ్చిన చేపకు చికిత్సలు పలువిధములు. రాగి యొకటి. లీటరునకు మిల్లీగ్రాములో అయిదవ వంతు మాత్రపు రాగియే ఈదులాడు పిల్లజీవిని చంపును. మందురకమును బట్టి కొలత మారును కావున పరీక్షించుచు పోయవలెను. చర్మము క్రింద నున్నదానిని, కోశములో నున్నదానిని రాగి చంపలేదు. అందుచేత వారములకొలది కొలత తప్పక నిలుపవలెను. రొయ్యలకు, నత్తలకు, పగడములకు రాగి విషము. పెద్దతొట్టిలో పోయుట మా యింట జరిగిన పాపము. నీటి సాంద్రతను 1.009 వరకు మెల్లగ తగ్గించుట రెండవది. చాల చేపలు దానిని సహించును. వెన్నెముక లేని ప్రాణులు సహింపలేవు. చర్మమును పట్టియుండు చదునుపురుగులకు మంచినీటి స్నానము పనిచేయును. ఉప్పునీటి పురుగు మంచినీట కొద్ది నిమిషములలోనే ఉబ్బి, తెల్లబడి రాలిపోవును. చేపకంటె చిన్నచేపను తెచ్చి పురుగులను ఏరించుట మరియొక ఉపాయమందురు. సముద్రమున శుభ్రకారి చేపలు అట్టి పని చేయుట నిజమే. కాని ఇరుకుతొట్టిలో వానికి చాలినంత తిండి దొరకక తరచుగ మాడిపోవును. ఒక బందీకి సేవకై మరియొక బందీని తెచ్చుట పరిహారమనిపించుకొనదు.

వీనియన్నిటిలో మాకు ధర్మ్యముగ తోచినది తొట్టిమార్పు. మూడుదినముల కొకసారి చేపను కడిగి ఆరబెట్టిన క్రొత్తతొట్టికి, క్రొత్తనీటికి మార్చవలెను. ఇట్లు నాలుగుమారులు చేయవలెను. ఒడలినుండి రాలిన పురుగు పాతతొట్టిలో కోశము కట్టుకొని, పిల్లలు వెలువడకముందే వెనుకబడిపోవును. పండ్రెండు దినములలో తెల్లచుక్కల రోగము వదలును. ఇందు చేపకు విషము లేదు, రొయ్యకు చావు లేదు. శ్రమయంతయు మనిషిది. నీరు కలుపుట, మోయుట, తొట్టి తోముట, అర్ధరాత్రియైనను వేళ తప్పకుండుట. మందు పోయుట సులభము; చాకిరి కష్టము. అయినను బాధ ఎవరిపై పడవలెను? డేగ నోటినుండి పావురమును కాపాడగోరిన శిబిచక్రవర్తి డేగను నిందింపలేదు. దాని ఆకలియు న్యాయమే యని యొప్పుకొని, కొరతను తన తొడనుండి కోసి తీర్చెను. మనము మాంసము కోయనక్కరలేదు. నిద్రలో కొంతభాగము, బద్ధకములో కొంతభాగము కోసిన చాలును.

ఇచట నొక పూర్వపక్షము కలదు. పురుగును ప్రాణియే కదా, దానిని చంపుట హింస కాదా యని. కాదని మేమనము. మహాభారతమున కౌశికునకు ధర్మవ్యాధుడు చెప్పిన మాటయు నిదియే: నాగలి దున్నినను, నేలపై నడచినను ఎన్నియో ప్రాణులు నలుగుచునే యున్నవి, పూర్తిగ హింస లేని బ్రతుకు లోకమున లేదు. అట్లని విచ్చలవిడిగ చంపుమని ఆయన చెప్పలేదు. తప్పించుకొనలేని హింసను యత్నపూర్వకముగ తగ్గించుకొనుమనెను. రానీయకుండుటలో హింస మిక్కిలి తక్కువ. వచ్చిన పిమ్మట తొలగించుటలో ఎక్కువ. ఆలసించి, భయపడి, కొలత తప్పి తొలగించుటలో అన్నిటికంటె ఎక్కువ. అందుచేత ముందుజాగ్రత్త కేవలము తెలివి కాదు. అది అహింసయొక్క ఒక రూపము.

మరి తొట్టిని పెట్టకున్నచో ఈ గొడవయే లేదు కదా యని కొందరందురు. ఈ మాటకు మేము పూర్తిగ ఎదురు చెప్పజాలము. నీరు కలుపు ఓపిక, వేరుతొట్టికి చోటు లేనివారు పెట్టకుండుటయే మేలు. పెట్టగోరినవారు సముద్రమునుండి పట్టినదానికంటె తొట్టిలోనే పుట్టిన చేపను ఎన్నుకొనవలెను. క్లౌన్ చేపలను పిల్లలు పెట్టించుటలో మన దేశపు సముద్రమత్స్య పరిశోధనాసంస్థవారు కృతార్థులైరి. మన ఠాణె చెంత ఐరోలిలోను అట్టి హేచరీ యేర్పడినది. పగడములను, సముద్రాశ్వములను 2001లోనే వన్యప్రాణి సంరక్షణచట్టము క్రింద చేర్చిరి కావున వాని జోలికి పోరాదు.

మిగిలిన ఆ యొక్క క్లౌన్ చేప నేటికిని మా తమ్ముని యింట నున్నది. పెద్దతొట్టి పదకొండు వారములు చేపలు లేక ఊరక నీరు తిరుగుచుండెను. ఇరుగుపొరుగువారు చూచి నవ్విరి. పిమ్మట దానికి జతగ మరియొక చేప వచ్చెను. ఈమారు అది ఆరు వారములు వంటయింటి ప్రక్క చిన్నతొట్టిలో నుండెను. ప్రతి యుదయమును కుర్రవాడు మగ్గములకు పోవుటకు ముందు దానిచెంత మోకాళ్లపై కూర్చుండి, తినినదా లేదా చూచి, పాత చేపకంటె ముందు దానికి మేత వేసెడివాడు. గడువు తీరిననాడు దానిని పెద్దతొట్టిలో విడుచుచు, “ఇగ నువ్వు మా ఇంటిదానివే” అనెను. క్రొత్తవారిని ఇంట, వాడలో, ఊరిలో చేర్చుకొనవలసిన ప్రతివారును ఈ క్రమమును అనుసరింతురు గాక యని మా కోరిక.